ఆమెకు గుర్తుండనివ్వని ప్రేమలు

'ఆదిత్య 369'ని మా ఇంట్లో ఎవరూ హాల్లో చూడలేదు. 1991 జూలైలో అది విడుదలైనప్పుడు నాకు రెండేళ్లు. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటికి కేబుల్ కనెక్షన్ వచ్చాక ఏడాదికి రెండుమూడుసార్లు, ఏ ఆదివారం మధ్యాహ్నమో, ప్రకటనల మధ్య ముక్కలు ముక్కలుగా చూశాం. ఒకసారి రాయలవారి ఆస్థానం దగ్గర కరెంటు పోయేది. ఇంకోసారి భవిష్యత్తులోకి వెళ్లేసరికి ఎవరో చుట్టాలొచ్చేవాళ్లు. అలా చూడటం వల్లనేమో, నా మనసులో అది సినిమాగా కాకుండా చాలా ఏళ్లపాటు సాగిన టీవీ సీరియల్‌గా మిగిలిపోయింది.

అలాంటి ఒక మధ్యాహ్నం, నాకప్పుడు పదేళ్లుంటాయి, చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న మా అవ్వ అడిగింది. "ఆ పిల్ల యెందుకెక్కిందిమే ఆ యంత్రంలోకి?" కాలయంత్రం కనిపెట్టిన ప్రొఫెసర్‌గారి కూతురు హేమ గురించి ఆ ప్రశ్న. "తోడుగా పోయింది అవ్వా" అన్నాను. అవ్వకి ఆ జవాబు చాల్లేదు. "వాడంటే యేదో చూసొస్తాడు. ఈ పిల్ల యేం చూసొస్తాది?"

ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే నేను పీహెచ్‌డీ చేశానంటే అతిశయోక్తి అవుతుంది. కానీ సైన్స్ ఫిక్షన్ టీవీ కథల్లో ప్రేమ గురించీ, ఆ ప్రేమ వల్ల పాత్రలు ఎదగడం, ఎదగకపోవడం గురించీ ఎప్పుడు రాయబోయినా చింతపండు వాసనతో ఆ మాట వచ్చి ముందు కూర్చుంటుంది. సింగీతం శ్రీనివాసరావుగారు కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి.వెల్స్ నవల స్ఫూర్తితో ఈ కథ చేసుకున్నానని చెప్పారు. ఆ సినిమా అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. 1526కీ 2504కీ అంత సునాయాసంగా మనల్ని తీసుకెళ్లిన కథ తెలుగు తెరమీద అంతకుముందు లేదు. అయితే బాలకృష్ణకి అందులో రెండు పాత్రలు - ఈనాటి యువకుడు కృష్ణకుమార్, ఆనాటి కృష్ణదేవరాయలు. కాలంలో ప్రయాణించే హీరో తనకి తానే ఎదురుపడగలడు. మోహిని వేసిన హేమకి వెయ్యేళ్ల ప్రయాణంలో ఎక్కడా తను ఎదురుపడదు. ప్రతి కాలంలోనూ ఆమె ఉద్యోగం ఒకటే. పక్కనుండటం.

పాత్ర ఎదిగిందని ఎలా తెలుస్తుంది? సాహిత్య విద్యార్థులుగా మనం దీనికి పెద్దపెద్ద సమాధానాలు రాసి మార్కులు తెచ్చుకున్నాం. నాకు ఇప్పుడు అతి సాదాగా అనిపించేదేమిటంటే, నిన్న జరిగింది ఆ పాత్రకి ఇవాళ గుర్తుండాలి. గుర్తుండి, దానివల్ల ఇవాళ ఇంకోలా ప్రవర్తించాలి. అంతే. జ్ఞాపకం లేనిదే ఎదుగుదల లేదు. సైన్స్ ఫిక్షన్ దగ్గర జ్ఞాపకాన్ని చెరిపే పరికరాలు బోలెడున్నాయి కదా, అవి ఎవరిమీద పనిచేస్తున్నాయో లెక్క చూడటం మొదలుపెట్టాక నాకు నిద్ర చెడింది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ 1986లో బీఎస్సీ ఫిజిక్స్ పాసయింది. ఎమ్మెస్సీ సీటు కూడా వచ్చింది. అప్పటికే నాన్నతో ప్రేమ. మరుసటి ఏడు పెళ్లి, నాన్నకి మదనపల్లె బదిలీ, తర్వాత అన్న, తర్వాత నేను. నాన్న చెడ్డవాడు కాదు, అమ్మని చదవొద్దని ఏనాడూ అనలేదు. వద్దనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అదే ఇందులో విచిత్రం. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఫిజిక్స్ లెక్క తీసుకుని దగ్గరికెళితే చెయ్యి తుడుచుకుని పుస్తకం అందుకుని, ఒక నిమిషం చూసి, "అంతా మర్చిపోయానమ్మా" అని తిరిగిచ్చేసింది. ఆ మాటని ఆమె ఎంత తేలిగ్గా అనేదంటే, అదొక నష్టమని నాకు చాలాకాలం తట్టలేదు.

అమ్మ డిగ్రీ చదివే రోజుల్లో, 1980ల మధ్యలో, దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' వచ్చేది. పక్కింటివాళ్ల టీవీలో చూసేదట. కథలేవీ గుర్తులేవు. "చెవిలో ఏదో పెట్టుకుని ఫోన్లెత్తే నల్లమ్మాయి ఒకతి ఉండేది. బాగుండేది" అంటుంది. ఆ ఫోన్లెత్తే అమ్మాయి లెఫ్టినెంట్ ఉహురా. 1966లో మొదలైన ఆ సీరియల్లో అంతరిక్ష నౌక సమాచార అధికారి. ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ అయిపోగానే మానేసి నాటకరంగానికి వెళ్లిపోదామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ వద్దన్నాడని ఆమే చాలాసార్లు చెప్పింది. నల్లజాతి స్త్రీ వంటమనిషిగానో ఆయాగానో కాక అధికారిగా టీవీలో కనిపించడం అప్పటి అమెరికాలో చిన్న విషయం కాదు.

ఉహురా పేరు చెప్పగానే అందరూ 1968 నాటి ముద్దు గురించి మాట్లాడతారు. అమెరికన్ టీవీలో తెల్లవాడికీ నల్లజాతి స్త్రీకీ మధ్య తొలి ముద్దుల్లో ఒకటని దానికి పేరు. చరిత్ర నిజమే. కథలో ఆ ముద్దు ఎలా జరిగిందో మాత్రం తక్కువమంది చెబుతారు. ఒక గ్రహం మీద మానసిక శక్తులున్న పాలకులు తమ వినోదం కోసం కెప్టెన్ కిర్క్‌నీ ఉహురానీ బొమ్మల్లా ఆడించి బలవంతాన ముద్దు పెట్టిస్తారు. అంటే ఆ చారిత్రక ప్రేమఘట్టంలో ఆమె ఇష్టానికి చోటే లేదు. అతని ఇష్టానికీ లేదు, ఒప్పుకుంటాను. కానీ అతనికి మిగతా కథలన్నిటిలోనూ ఉంది.

నన్ను వెంటాడేది ఆ ముద్దుకి ఏడాది ముందు, 1967లో వచ్చిన 'ది చేంజ్‌లింగ్' అనే భాగం. నోమాడ్ అనే యంత్రం ఒకటి నౌకలోకి వస్తుంది. ఉహురా పాడుకుంటుంటే విని, ఇదేమిటని అడిగి, ఆమె మెదడులో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఎందుకు చేశావంటే ఈ వస్తువు లోపభూయిష్టం, దీని ఆలోచనల్లో పొంతన లేదు అంటుంది. అది స్త్రీ అని సైన్స్ అధికారి స్పాక్ వివరిస్తే, పరస్పర విరుద్ధమైన కోరికల మూట అని తీర్పిస్తుంది. తర్వాత ఆస్పత్రి గదిలో నర్సు చాపెల్ ఉహురాకి ఒకటో తరగతి ఇంగ్లీషు వాచకం చదివిస్తూ కనిపిస్తుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ విసుగొచ్చి ఉహురా స్వాహిలీలో మాట్లాడేస్తుంది. ఇంగ్లీషు పోయింది, స్వాహిలీ మిగిలింది! ఆ ఒక్క క్షణం దగ్గర నేను వీడియో ఆపి చాలాసేపు కూర్చున్నాను. అక్కడినుంచి ఎన్ని కథలు రాయొచ్చు! అమ్మభాష మాత్రమే మిగిలిన స్త్రీ తను ఎవరో మళ్లీ ఎలా కూడగట్టుకుంటుంది? పోయినవాటిలో ఏం తిరిగొచ్చాయి, ఏం రాలేదు? కథకి అవేవీ పట్టలేదు. వారంలో మళ్లీ ఉద్యోగంలో చేరుతుందని డాక్టరు భరోసా ఇస్తాడు. తర్వాతి భాగంనుంచి దాని ఊసే లేదు. ఆమె మొదటి పేరు తెరమీద పలకడానికి 2009 నాటి సినిమా దాకా ఆగాల్సి వచ్చింది.

ఎదిగింది ఆ పాత్ర వేసిన మనిషి. నికోల్స్ 1977లో నాసాతో కలిసి స్త్రీలనీ, నల్లజాతివారినీ వ్యోమగాములుగా దరఖాస్తు చేసుకోమని ఊరూరా తిరిగి చెప్పింది. 2022లో ఆమె చనిపోయినప్పుడు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "ఎవరు, ఆ ఫోన్లెత్తే పాపా? అయ్యో" అంది.

తర్వాతి తరం 'స్టార్ ట్రెక్'లో (1987-94) డియానా ట్రాయ్ ఉంటుంది. ఇతరుల మనసు తెలుసుకోగల కౌన్సిలర్. ఐదేళ్లపాటు నౌకలో మిగతావాళ్లంతా యూనిఫారంలో ఉంటే ఆమె మాత్రం ఒంటికి అతుక్కునే బట్టల్లో తిరిగింది. 1992లో తాత్కాలికంగా వచ్చిన కొత్త కెప్టెన్ యూనిఫారం వేసుకోమని ఆజ్ఞాపించాకగానీ ఆమె అందరిలా కనపడలేదు. యూనిఫారంతోపాటు తన పాత్రకి తెలివీ అధికారమూ తిరిగొచ్చాయని నటి మరీనా సిర్టిస్ చెప్పుకుంది. ఆ కెప్టెన్ అభిమానులకి నచ్చని కటువైన మనిషి. నాకు మాత్రం ఆ ఒక్కపనికి అతనంటే కొంచెం అభిమానం.

మా ఇంటి మేడమీద గదిలో అద్దెకుండే కెమిస్ట్రీ స్కాలర్ ఒకామె నాకు 'ది ఎక్స్-ఫైల్స్' పరిచయం చేసింది. నేను హైస్కూల్లో ఉన్నాను. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. అక్క పక్కనుండి చెప్పేది. "అతను దయ్యాలు, గ్రహాంతరవాసులు అంటాడు. ఆమె రుజువు చూపించమంటుంది. చూడు, ఆమె డాక్టరు." డేనా స్కల్లీ! 1993లో మొదలైన ఆ సీరియల్ గురించి పేజీలకు పేజీలు రాయగలను. నమ్మకం స్త్రీలది, తర్కం పురుషులది అన్న పాత పంపకాన్ని తిరగేసిన పాత్ర ఆమె. స్కల్లీని చూసి సైన్స్ వైపు వచ్చామని చెప్పిన అమెరికన్ స్త్రీల గురించి 2018లో జీనా డేవిస్ సంస్థ ఒక అధ్యయనం కూడా చేసింది.

అయినా లెక్క తప్పలేదు. నటి గిలియన్ ఆండర్సన్ గర్భవతి అయింది. ఆమెను కొన్నాళ్లు తెరమీద లేకుండా చేయాలి కాబట్టి 1994లో స్కల్లీని ఎవరో ఎత్తుకుపోయినట్టు కథ రాశారు. తిరిగొచ్చిన స్కల్లీకి ఆ రోజుల్లో తనకేం జరిగిందో గుర్తుండదు. ఇక పిల్లలు పుట్టరని, తన అండాలను అప్పుడే తీసేశారని తర్వాతెప్పుడో తెలుస్తుంది. నిజజీవితంలో ఒక స్త్రీ తల్లి అవుతున్నందుకు కథలో ఆమెకు తల్లి కాగలిగే శక్తీ, దాని జ్ఞాపకమూ రెండూ పోయాయి. సహచరుడు మల్డర్‌కి చిన్నప్పుడు మాయమైపోయిన చెల్లెలు ఒకతి ఉంది, ఆ దుఃఖమే అతని జీవితధ్యేయం. చెల్లెలు మాయమైతే అతనికొక ధ్యేయం, స్కల్లీ మాయమైతే ఇంకో ధ్యేయం. మాయమైన మనిషికే ఏమీ మిగల్లేదు.

అయితే స్కల్లీ విషయంలో ఒక మంచి జరిగింది, అదీ వింతగానే. వాళ్లిద్దరి మధ్య ప్రేమని చూపించకుండా ఏళ్ల తరబడి సాగదీశారు. రచయితల ఉద్దేశం స్త్రీవాదం కాదు, ప్రేక్షకుల్ని ఊరించడమే కావొచ్చు. కానీ ఆ వాయిదా వల్ల ఆమె పని ఆమెకి మిగిలింది. రిపోర్టు రాసేది ఆమే, శవపరీక్ష చేసేది ఆమే, తండ్రి చావు, క్యాన్సరు, దేవుడిమీద నమ్మకం అన్నీ ఆమె మోసుకుంటూ తిరిగింది. ప్రేమ ఆలస్యమైనందువల్ల ఎదిగిన పాత్ర. మేడమీది అక్కకి ఇది చెబితే నవ్వి, "మా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారే. ఇంకో రెండేళ్లు ఆలస్యమైతే థీసిస్ అయిపోతుంది" అంది. రెండేళ్లు కాలేదు, థీసిస్ కూడా కాలేదు. తెర వెనక సంగతి కూడా చెప్పాలి. 2016లో ఆ సీరియల్ని మళ్లీ తీసినప్పుడు తనకి మొదట ఇవ్వజూపింది డేవిడ్ డుకొవ్నీకి ఇచ్చేదాంట్లో సగమేనని ఆండర్సన్ బయటపెట్టింది.

ఇక డోనా నోబుల్. బీబీసీ 'డాక్టర్ హూ'లో డాక్టర్ అనే గ్రహాంతరవాసి కాలంలో తిరుగుతుంటాడు, పక్కన ఎప్పుడూ ఒక తోడు ఉంటుంది. ఎక్కువసార్లు ఆ తోడు అమ్మాయే (అవ్వ నవ్వి ఉండేది). డోనా లండన్‌లో తాత్కాలిక ఉద్యోగాలు చేసుకునే గుమస్తా. పెద్దగొంతు, నోటి దురుసు, తనమీద తనకి నమ్మకం లేదు. మిగతా తోడుల్లా ఆమె డాక్టర్‌ని ప్రేమించలేదు, స్నేహం చేసింది. ఒక్క ఏడాదిలో ఆమె ఎదిగినట్టు ఆ సీరియల్లో ఇంకెవరూ ఎదగలేదంటే నా వాదన వినిపిస్తాను. 2008లో ఆ సీజన్ చివర డాక్టర్ మేధ అంతా ఆమెకి సంక్రమిస్తుంది, లోకాల్ని కాపాడుతుంది. మానవ మెదడు అంత జ్ఞానాన్ని భరించలేదు, చచ్చిపోతుంది కాబట్టి డాక్టర్ ఆమె జ్ఞాపకాలు చెరిపేస్తాడు. ఆమె వద్దంటుంది. ఏడుస్తుంది. వెనక్కి పంపొద్దని వేడుకుంటుంది. అతను వినడు. ఆమె ప్రాణం కాపాడటానికే కదా! ఇంటికొచ్చిన డోనా మళ్లీ పాత డోనా. తను ఏం చేసిందో తెలియదు, గుర్తుచేస్తే చస్తుందని ఇంట్లోవాళ్లకి హెచ్చరిక.

ఈ భాగం నేను పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు హాస్టల్లో చూశాను. "నీ మంచికే" అన్న మాట మన ఇళ్లలో ఎన్ని గొంతుల్లో విని ఉంటాం! జ్ఞానం ఆడదానికి ప్రాణాంతకం, మరపే ఆమెకు క్షేమం. ఇంత పాత మాటని కాలయంత్రంలో తెచ్చి చెప్పాలా?

మన సాహిత్యంలో మరపు అనగానే శకుంతల గుర్తొస్తుంది. మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడికి అంతా తెలుసు, తెలిసే ఎరగనంటాడు. శకుంతల సభలో నిలబడి వాదిస్తుంది. అశరీరవాణి పలికాక లోకం నమ్మడం కోసమే అలా అన్నానంటాడు. కాళిదాసు చేతికొచ్చేసరికి దుర్వాసుడి శాపం వచ్చింది, రాజు నిజంగానే మర్చిపోయాడు, అబద్ధమాడిన మచ్చ పోయింది. ఈ మార్పుల చరిత్రంతా రొమిలా థాపర్ 1999లో రాసిన శకుంతల పుస్తకంలో వివరంగా ఉంది. నాకు కావలసింది దానికి పక్కనున్న విషయం. అక్కడ మర్చిపోయింది మగవాడు, దాని ఖరీదు కట్టింది ఆమె. డోనా కథలో మర్చిపోయింది ఆమె, ఖరీదు కట్టిందీ ఆమె. మరపు ఎవరిదైనా మంచితనం మాత్రం మగవాడి ఖాతాలోనే పడుతోంది. రాజు నిర్దోషి. డాక్టర్ త్యాగి.

న్యాయంగా ఇంకోమాట కూడా చెప్పాలి. పదిహేనేళ్ల తర్వాత, 2023 నవంబరులో, అదే రచయిత రసెల్ టి డేవిస్ డోనాని మళ్లీ తెచ్చి ఆమె జ్ఞాపకం ఆమెకిచ్చాడు. ఆమె చావలేదు. ఆ జ్ఞానం అప్పటికే కూతురితో పంచుకోబడి ఉంది కాబట్టి భారం సగమైందంటారు. ఆ కూతురు ట్రాన్స్ అమ్మాయి. తల్లి మోయలేదనుకున్నదాన్ని తల్లీకూతుళ్లిద్దరూ కలిసి మోయడం, ఆఖరికి తమ ఇష్టంతో వదిలేయడం! వివరణ కొంచెం హడావిడిగా చెప్పారు, సరే. కానీ ఆ సన్నివేశం చూస్తూ నేను ఏడ్చానన్నది దాచుకోను.

హిందీ దూరదర్శన్‌కి వస్తే చెప్పుకోవాల్సింది తక్కువ. 1998లో కేతన్ మెహతా 'కెప్టెన్ వ్యోమ్' వారం తప్పకుండా చూశాను. ఇప్పుడు ఎంత తలచుకున్నా మిలింద్ సోమన్ ముఖం తప్ప ఒక్క ఆడపాత్రా కళ్లముందుకి రాదు. 1997లో మొదలైన 'శక్తిమాన్'లో గీతా విశ్వాస్ గుర్తుంది. మొదట కిట్టూ గిద్వానీ, తర్వాత వైష్ణవీ మహంత్ వేశారు. విలేఖరి. దాగిన నిజాల్ని బయటపెట్టడం ఆమె వృత్తి. అలాంటి మనిషికి పక్కబల్ల దగ్గర సోడాబుడ్డి కళ్లద్దాలతో కూర్చున్న గంగాధరే తను ప్రేమించే శక్తిమాన్ అని ఎంతకాలానికీ తెలియదు! మా క్లాసులో మూడోబెంచీ పిల్లలకి కూడా తెలుసు. ప్రేమలో పడిన ఆడపిల్లకి ముందు చూపు పోవాలి, అది రూలు.

మన నేలమీద ఈ రకం కథ ఇలాగే మొదలై ఉంటే బాధపడేదాన్ని కాదు. 1905లో మద్రాసునుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో రొకయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' వచ్చింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగు స్త్రీ. సూర్యుడి వేడిని పట్టి వంటచేసే, మేఘాలనుంచి నీళ్లు దించుకునే స్త్రీల దేశం అది, మగవాళ్లేమో అంతఃపురంలో ఉంటారు. ప్రేమకథ లేదు. ఎవరూ ఎవరి పక్కనా తోడుగా ఉండరు. కలకన్న సుల్తానాకి మెలకువ వచ్చాక కూడా చూసిందంతా గుర్తుంటుంది, అందుకే ఆ కథ మనదాకా వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే ప్రేమ ఉండి కూడా జ్ఞాపకం పోని కథ మా జిల్లా గడపలోనే దొరికింది. తిరుమలలో రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టిన బాలవితంతువు ఆమె. వేంకటేశ్వరుడే నా భర్త, నేను విధవనెలా అవుతానని పసుపుకుంకుమలు తీయనివ్వలేదని, ఊరు వేధిస్తే కొండకి చేరిందని మా అవ్వలాంటివాళ్లంతా చెప్పుకుంటారు. రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరిట హారతి ఇప్పటికీ జరుగుతుంది. ఆ అన్నం తిన్నవాళ్లలో ఆమెని చదివినవాళ్లు ఎంతమంది? ఆమె ద్విపదలో రాసిన వాటిలో వాసిష్ఠ రామాయణం ఒకటి. దాని మూలమైన యోగవాసిష్ఠంలో లీల కథ ఉంది.

లీల రాణి. భర్త పద్ముడంటే ప్రాణం. అతను చనిపోయినా అతని జీవుడు తన మందిరం దాటిపోకూడదని సరస్వతిని వరం అడుగుతుంది. అతను చనిపోతాడు. లీల అతణ్ని వెతుకుతూ సరస్వతితో కలిసి బయలుదేరుతుంది. అతను వేరే సృష్టిలో విదూరథుడనే రాజుగా బతుకుతుంటాడు. అంతకుముందు తనూ అతనూ ఒక కొండపల్లెలో బ్రాహ్మణ దంపతులమని తెలుస్తుంది. ఆ ఇంటికి వెళితే వాళ్లు పోయి ఎనిమిది రోజులే అయిందని పిల్లలు ఏడుస్తుంటారు. ఇక్కడ ఒక రాజ్యం, ఒక జీవితం గడిచింది. అక్కడ ఎనిమిది రోజులు! అవ్వా, ఈ పిల్ల చూసొచ్చింది. చూసిందంతా గుర్తుపెట్టుకుంది, తన వెనుకటి జన్మలు కూడా. ప్రేమకోసమే బయలుదేరింది, వెళ్లేకొద్దీ ఆమె ప్రశ్నలు భర్త గురించి కాకుండా కాలం గురించి, లోకాల గురించి అయిపోయాయి. అడుగడుగునా సరస్వతిని నిలదీస్తుంది. ఇద్దరు స్త్రీలు ఆకాశంలో ప్రయాణిస్తూ కాలం గురించి చర్చించుకోవడం - నేను చూసిన ఏ సీరియల్లోనూ ఇంతసేపు సాగలేదు.

అదొక స్త్రీవాద గ్రంథమని నేననడం లేదు. చివరికి పద్ముడు బతికి లేస్తాడు, అవతలి సృష్టినుంచి ఇంకో లీల కూడా వస్తుంది, రాజుకి ఇద్దరు లీలలు. కాలం మారినా లోకం మారినా ఆ లెక్క మాత్రం మారదు కాబోలు. అదే గ్రంథంలోని చూడాల ఇంకా గడుసుది. తనకి జ్ఞానం కలిగిందంటే ఆడదానివి నీకేం తెలుసని భర్త కొట్టిపారేసి అడవికిపోతే, మగ వేషంలో వెళ్లి గురువై బోధిస్తుంది. ఉత్తరోత్తరా ఎప్పుడైనా చూడాలమీద విడిగా రాస్తాను. భర్తపోయిన ఒక ఒంటరి స్త్రీ కొండమీద కూర్చుని ఈ గ్రంథాన్ని తెలుగు చేయడానికి ఎందుకు ఎంచుకుందా అని ఆలోచిస్తే, సంప్రదాయ పండితులు చెప్పే వేదాంతం ఒక్కటే నాకు సరిపోవడం లేదు.

2023 సెప్టెంబరు 2, శనివారం. ఆదిత్య-ఎల్1 ప్రయోగం. శ్రీహరికోట అంతకు ముందు ఏడాదే, జిల్లాలు విడగొట్టినప్పుడు, తిరుపతి జిల్లాలో కలిసింది. ఆకాశం బాగుంటే మా మిద్దెమీదనుంచి రాకెట్ పొగచార కనబడుతుంది. పదకొండూ యాభైకి టీవీలో లెక్క ముగియగానే మిద్దెక్కి చూశాం, మాకేమీ కనబడలేదు. కిందికొచ్చి కూర్చున్నాం. ప్రాజెక్టు డైరెక్టర్ నిగార్ షాజీని టీవీలో చూపిస్తుంటే అమ్మ మునక్కాయలు తరగడం ఆపి చూసింది. ఎల్1 అంటే సూర్యుడి ఆకర్షణా భూమి ఆకర్షణా సమానంగా ఉండే చోటని నేను పేపర్లో చదివింది చదివినట్టు చెప్పాను.

"సమానంగా ఉండదు" అంది అమ్మ.

"పేపర్లో వేశారమ్మా."

"సమానమయ్యే చోటు భూమికి ఇంకా చాలా దగ్గర. ఇది పదిహేను లక్షల కిలోమీటర్లు అంటున్నారే. సూర్యుడికి దగ్గరగా ఉండేది భూమికంటే తొందరగా తిరగాల గదా? అది ముందుకి పోకుండా భూమి ఇటుపక్కనుంచి లాగుతా ఉంటుంది. అందుకని రెండూ ఒకే ఏడాదిలో చుట్టి వస్తాయి."

పేపరు అంచుమీద రెండు వృత్తాలు గీసింది. బాణాలు వేసింది. సమీకరణం రాయడం మొదలుపెట్టి మూడో పంక్తిలో ఆగిపోయింది. కొట్టేసి మళ్లీ రాసింది, మళ్లీ అక్కడే ఆగింది. "తర్వాత రాదు" అంది చిరాగ్గా. నేనెప్పుడూ ఆమె ముఖంలో ఆ చిరాకు చూడలేదు. అటకమీద పాత నోట్సులున్నాయేమో చూడమంది. లేవు, మదనపల్లెనుంచి ఇల్లు మారేటప్పుడు తూకానికి వేసేశారని నాన్న చెప్పాడు, చెప్పి చాలాసేపు ఊరుకున్నాడు.

సాయంత్రం ఇద్దరం గాంధీరోడ్డులో ఒక పుస్తకాల షాపుకి వెళ్లాం. డిగ్రీ మెకానిక్స్ పుస్తకాలు మూడురకాలు తీసి బల్లమీద పెట్టాడు షాపతను. పాపకా అని అడిగాడు. అమ్మ వినలేదు. రెండో పుస్తకం వెనకవైపునుంచి తిప్పి ఒకచోట ఆగి నిలబడే చదువుతోంది. కాసేపు చూసి అతను లోపలినుంచి స్టూలు తెచ్చి వేశాడు.